కౌంటీ, రెండు

ఆల్డర్ బెండ్, ఒరెగాన్
మే నెల మొదటి వారం

అన్నయ్యా,

నీ పెరటి నిమ్మకాయల ఫోటో చేరింది. కాయలు బాగున్నాయి గానీ ఫోటోలో సగం నీ బొటనవేలే ఉంది. ఇకమీదట ఐలీన్ వదినని తియ్యమను.

పని మీద రాస్తున్నాను. షాపులో కూర్చుని గబగబా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకో. నిన్న షెరీఫ్ హోలిస్ స్వయంగా వచ్చాడు. యూనిఫారం నడుము వదులు చేయించుకోవడానికేమో అనుకుని టేపు తీశాను. "అది వచ్చే నెల్లో చూద్దాంలే వెల్డా, నడుము ఇంకా పెరగాల్సింది ఉంది" అన్నాడు. వచ్చిన పని వేరే. ఆగస్టు సంతలో వాళ్ళ ఆఫీసు తరఫున ఒక దుకాణం పెడుతున్నారట. అందులో పెద్దాఫీసర్లకి తలా ఒక బోర్డు కావాలి. పైన ఫోటో, కింద ఆ మనిషి ఎక్కడ మొదలుపెట్టాడు, ఎలా పైకొచ్చాడు అన్నది నాలుగు ముక్కలు.

"మేమేదో టోపీలతో సహా పుట్టామనుకుంటున్నారు జనం" అన్నాడు. "ఎక్కణ్ణించి వచ్చామో రాసిపెట్టు, కాస్త మనుషుల్లా కనబడతాం."

"మీరే చెప్పొచ్చుగా" అన్నాను. "మా గురించి మేం చెప్పుకుంటే గొప్పలవుతాయి. మీ అన్నయ్యని అడుగు. ముప్పై ఏళ్ళు అందర్నీ చూసినవాడు" అన్నాడు.

కాబట్టి అడుగుతున్నా. హోలిస్ గురించి, గస్తీ కెప్టెన్ రాయ్స్ గురించి, జైలు కెప్టెన్ నెడ్రా గురించి రాసి పంపు. అండర్‌షెరీఫ్ బోర్డు మాత్రం కోసి ఖాళీగా పెట్టుకున్నాను. నువ్వు రిటైరై వెళ్ళి రెండు నెలలైనా, షెరీఫ్ తర్వాతిదైన నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. రాయ్సో నెడ్రానో ఇద్దర్లో ఒకరట. ఓట్లతో పని లేదు, హోలిస్ ఊ అంటే చాలు. ఆయన మాత్రం సంత అయ్యాక చెబుతానంటున్నాడు.

ఎవరో వచ్చారు. ఉంటా.

నీ వెల్డా


యూమా, అరిజోనా
మే నెల చివర

వెల్డా,

అడిగినవి ఇవిగో.

హోలిస్: గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. ఒకసారి అప్పటి షెరీఫ్ ఒక దొంగ గుర్రాన్ని పట్టుకుని, అది ఎవరిదో తేలక తలపట్టుక్కూర్చున్నాడు. అటుగా పోతున్న హోలిస్ దాని కాలెత్తి చూసి, "ఈ లాడం నేను కొట్టిందే. ఇది ఓస్గుడ్ వాళ్ళ ఆడగుర్రం" అన్నాడు. ఆ షెరీఫ్ వెంటనే, "నువ్వు లాడాలు మానేసి నా దగ్గరికి రా" అన్నాడు. అలా వచ్చాడు. ఇప్పటికీ ఏ కేసైనా ముందు కింద నుంచే చూస్తాడు. కిందివాళ్ళని అడిగాకే పైవాళ్ళ దగ్గరికి వెళతాడు. మూడుసార్లు జనం ఊరికే ఓట్లెయ్యలేదు.

రాయ్స్: సైన్యంలో పోలీసు. ఇక్కడికి వచ్చాక అందరిలాగే మొదటి ఏడాది జైలు వరండాలో తాళాలు తిప్పాడు. తర్వాత గస్తీ. గొర్రెల దొంగతనాలు ఎక్కువైనప్పుడు కాపర్ల దగ్గర కూర్చుని వాళ్ళ స్పానిష్ నేర్చుకున్నాడు. వాళ్ళు పోలీసుకి చెప్పనివి రాయ్స్‌కి చెప్పారు. దొంగలు దొరికారు. కెప్టెన్ అయ్యాక కూడా మంచు తుఫానొస్తే, చిన్నపిల్లలున్న కింది డిప్యూటీలని ఇంటికి పంపేసి తనే బండి తీస్తాడు. ఈ మాట అతను ఎవరికీ చెప్పడు. నువ్వు బోర్డు మీద తప్పకుండా వెయ్యి.

నెడ్రా: కంట్రోల్ రూములో చేరింది. తర్వాత జైలు. ఇప్పుడు కెప్టెన్.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఐలీన్ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆరిన్


ఆల్డర్ బెండ్
జూన్

అన్నయ్యా,

హోలిస్‌కి గుర్రం, రాయ్స్‌కి గొర్రెలు, మంచు తుఫాను. నెడ్రాకి మూడు ముక్కలా? నీ నిమ్మచెట్టు గురించే ఇంతకంటే ఎక్కువ రాశావు కదయ్యా!

సరే, నేనే కనుక్కుందామని, ఆవిడ ప్యాంటు మడత కుట్టించుకోవడానికొస్తే స్టూలు ఎక్కించి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగాను. "ఏముంది వెల్డా, ఫోనెత్తేదాన్ని. తర్వాత తలుపు తీసేదాన్ని, వేసేదాన్ని. అంతే రాయి" అంది. అన్నాచెల్లెళ్ళలా ఉన్నారు నువ్వూ ఆవిడా, మాటల పొదుపులో.

అప్పుడే రాయ్స్, ఇద్దరు డిప్యూటీలు చొక్కాల కోసం వచ్చారు. స్టూలు మీద ఆవిణ్ణి చూడగానే రాయ్స్ చెయ్యెత్తి, "కెప్టెన్‌గారూ, పొద్దున మళ్ళీ పడ్డాయి! నాకు చాక్లెట్‌వి" అన్నాడు.

నువ్వు వెళ్ళాక మొదలైన వేళాకోళం ఇది, నీకు తెలీదు. ఆవిడ నంబరు ఐదు కదా. రేడియోలో కంట్రోల్ రూముని పిలవాలంటే ముందు దాని పేరు, తర్వాత తన నంబరు, "కౌంటీ, ఐదు" అనాలి. ఈవిడ మైకు పట్టుకోగానే నోటికి ఉత్త "కౌంటీ" అని వస్తుంది, ఇంకా కంట్రోల్ రూము కుర్చీలో కూర్చుని తనే జవాబిస్తున్నట్టు. అలా అన్నప్పుడల్లా గస్తీవాళ్ళందరికీ డోనట్లు కొనిపెట్టాలని రూలు పెట్టారు.

"మిమ్మల్ని మేపడానికే నాకు జీతమిస్తున్నట్టుంది" అంది ఈవిడ.

"కుర్చీ మీరు వదిలినా కుర్చీ మిమ్మల్ని వదల్లేదు" అన్నాడు రాయ్స్. సరదాకే. కానీ వెనకున్న డిప్యూటీ ఒకడు, "కుర్చీ కెప్టెన్" అని గొణిగాడు. అది సరదాకి కాదు. రాయ్స్ వెనక్కి తిరిగి చూసేసరికి వాడు బూట్లు చూసుకున్నాడు. నెడ్రాకి వినబడింది. ఆవిడకి అన్నీ వినబడతాయి. నేను కోపంలో గుచ్చేసరికి ప్యాంటు మడత ఒకటి పైకీ ఒకటి కిందికీ వచ్చింది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను, నీకు ఆ పోస్టు కావాలా అని. స్టూలు దిగి, "కావాలి" అంది. "ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నువ్వు కూడా అనకు."

అనకు అంది గానీ అన్నయ్యకి చెప్పకు అనలేదు. నువ్వు ఒక్క ఫోన్ చెయ్యి హోలిస్‌కి. నీ మాటంటే ఆయనకి గురి.

నీ వెల్డా


యూమా
జూన్ చివర

వెల్డా,

హోలిస్ తన మనుషుల్ని తను ఎంచుకోగలడు. రిటైరైనవాడు అందులో వేలు పెట్టకూడదు.

అండర్‌షెరీఫ్ అంటే ఆఫీసులో గది కాదు. షెరీఫ్ లేని రోజు రోడ్డు మీదున్న ప్రతి డిప్యూటీ ప్రాణం అతని చేతిలో ఉంటుంది. చీకట్లో కారు ఆపి, లోపల ఎవరున్నారో తెలీకుండా తలుపు దగ్గరికి నడిచివెళ్ళడం అంటే ఏమిటో తెలిసుండాలి. ఆ నడక నడవనివాళ్ళు ఎంత మంచివాళ్ళైనా అది వేరే సంగతి. నెడ్రాని నేను తక్కువ చెయ్యడంలేదు.

నిమ్మకాయలు కొన్ని పంపుతున్నాం. దారిలో పాడవుతాయేమో చూడాలి.

ఆరిన్


ఆల్డర్ బెండ్
జులై

అన్నయ్యా,

కాయలు చేరాయి. రెండు మెత్తబడ్డాయి, మిగతావి బాగున్నాయి. నీ ఉత్తరం మాత్రం పుల్లగా ఉంది.

తక్కువ చెయ్యడంలేదంటూనే ఎంత తక్కువ చేశావో చూసుకున్నావా? నాకు పోలీసు పని తెలీదు. బట్టలు కుడతాను, బోర్డులు రాస్తాను. కానీ నా షాపుకి అందరూ వస్తారు, అందరూ మాట్లాడతారు.

మొన్న ఒకావిడ వచ్చింది, మనవడి చొక్కాకి పేరు కుట్టించుకోవడానికి. కొడుకు కిందటేడు జైల్లో పడ్డాడట. వాణ్ణి లోపలేసిన గంటలోపే ఈవిడకి ఫోను: "అమ్మా, నేను జైలు నుంచి నెడ్రాని. మీ అబ్బాయి ఇక్కడ ఉన్నాడు. దెబ్బలేం లేవు. అన్నం తిన్నాడు." అంతే, పెట్టేసింది. "అప్పటికి మూడు రోజుల నుంచి వాడెక్కడున్నాడో తెలీక కంట్రోల్ రూముకి ఫోన్లు చేసి చేసి ఉన్నానమ్మా. జైలైతే జైలు, ఉన్నాడు కదా అని ఆ పూట నిద్రపోయాను" అంది ఆవిడ.

నెడ్రాని అడిగితే, లోపలికొచ్చిన ప్రతివాడి ఇంటికీ అలాగే చేస్తారట. వాడు వద్దంటేనే మానేస్తారు. ఎందుకు మొదలుపెట్టావంటే, "కంట్రోల్ రూము ఫోనులో ఆ తల్లులతో పదిహేనేళ్ళు మాట్లాడింది నేనే కదా" అంది. మరి ఇది ఆ కుర్చీలో నేర్చుకున్నది కాదా?

హోలిస్ లాడాలు కొట్టి పైకొస్తే గొప్ప, రాయ్స్ గొర్రెల వెంట తిరిగి పైకొస్తే గొప్ప. ఈవిడ ఫోనెత్తి పైకొస్తే మాత్రం కుర్చీ కెప్టెనా?

ఫోన్ చేశావా లేదా? ఒక్క ముక్కలో చెప్పు.

వెల్డా

తా.క. రాయ్స్ మంచివాడు కాదని నేననడంలేదు. బంగారం లాంటివాడు. అందుకే ఈ గొడవ.


యూమా
జులై చివర

వెల్డా,

చెయ్యలేదు.

ఇక్కడ విపరీతమైన వేడి. మీవైపు కొండల్లో గడ్డి ఎండిపోయిందని విన్నాను. షాపు వెనక ఆ పాత చెక్కముక్కలన్నీ తీసెయ్యి. జాగ్రత్త.

ఆరిన్


ఆల్డర్ బెండ్
ఆగస్టు

అన్నయ్యా,

ముందు ఇది చదువు: నేను బాగున్నాను, షాపు నిలబడింది, మన ఇల్లూ నిలబడింది. వెనక చెక్కముక్కలు నువ్వన్నట్టే తీసేశాను. ఫోన్లు ఇవాళే బాగయ్యాయి.

సంత రెండో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. కొండ అవతలి కార్చిచ్చు ఇటు దాటి కోర్టు వైపు దిగింది. కోర్టు, జైలు, కంట్రోల్ రూము అన్నీ ఒకచోటే కదా, అన్నీ ఖాళీ చేయించారు. నేను సంతలో బోర్డుల దగ్గరే ఉన్నాను. చూస్తుండగానే పసుపు బడిబస్సు ఒకటి వచ్చి గొర్రెల పాక ముందు ఆగింది. అందులోంచి నెడ్రా దిగింది, వెనకాలే ఖైదీలంతా. వాళ్ళని గడ్డిమోపుల మీద వరసగా కూర్చోబెట్టి, తలా ఒక నీళ్ళ సీసా ఇచ్చింది. ఒక్కడు కూడా కదల్లేదు. పక్కనే బహుమతి కొట్టిన పొట్టేలు వాళ్ళని చూస్తోంది, వాళ్ళు దాన్ని చూస్తున్నారు.

కంట్రోల్ రూము అమ్మాయిలు పక్క కౌంటీకి దారి పట్టారు, అక్కణ్ణించి పనిచెయ్యడానికి. వాళ్ళు చేరేదాకా ఈ మధ్యలో ఎవరూ లేరు. బస్సు వెంట వచ్చిన జైలు బండి తలుపు తెరిచే ఉంది, లోపల రేడియో మోగుతోంది. రాయ్స్ గొంతు. "కౌంటీ, మూడు." ఎవరూ పలకలేదు. "కౌంటీ, మూడు. ఎవరైనా ఉన్నారా?" ఇంకొకడు. ఇంకొకడు. ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు, అన్నయ్యా.

నెడ్రా చేతిలో సీసా గడ్డిమోపు మీద పెట్టి, నడిచివెళ్ళి, మైకు తీసుకుంది.

"కౌంటీ" అంది.

అంతే. రేడియో మొత్తం నోరు మూసుకుంది. తర్వాత ఎవరో "హమ్మయ్య" అన్నారు.

"అందరూ వరసగా పలకండి. మీ నంబరు, ఎక్కడున్నారు. తోసుకోకండి, అందరి మాటా వింటాను." వంట చేసుకుంటూ మాట్లాడుతున్నట్టుంది ఆ గొంతు. "ఒకటి, వంతెన దగ్గర" అన్నాడు హోలిస్. కాసేపు ఖాళీ. "మూడు, క్రేన్ గట్టు మీద. బండిలో ముసలి దంపతులు, ఒక పిల్లి. పొగలో దారి రెండుగా చీలింది, ఏది ఎటో తెలీట్లేదు."

"ఇంజను ఆపు, రాయ్స్. కిటికీ దించు. ఏం వినబడుతోంది?"

"మంట."

"అది కాకుండా."

"...కుక్కలు. బోలెడు."

"అవి ఎల్వుడ్ వేటకుక్కలు. నేను ఫోనెత్తినన్నాళ్ళూ వాటి అరుపు మీద ఫిర్యాదులే. ఏ చెవికి వినబడుతున్నాయి?"

"కుడి."

"కుడివైపు దారి పట్టుకుని ఆ అరుపు దగ్గరయ్యేటట్టు దిగు. ఎల్వుడ్ గేటొస్తుంది, అక్కణ్ణించి నదిదాకా తారురోడ్డే. ఎల్వుడ్ వెళ్ళుండడు, మొండివాడు. ఎక్కించుకో."

"కుక్కల్ని?"

"వాటినీ. ఇక మీద వాటి మీద ఫిర్యాదు తీసుకోవద్దని చెబుతాను."

ముందు వరసలో ఖైదీ ఒకడు, "మేడం, మేమెక్కడికీ పోం. మీరు మాట్లాడుకోండి" అన్నాడు.

కంట్రోల్ రూము అమ్మాయిలు పక్క కౌంటీకి చేరేదాకా ఆవిడ ఆ మైకు వదల్లేదు. ఒక్క ప్రాణం పోలేదు అన్నయ్యా. సాయంత్రం రాయ్స్ బండి సంతలోకి వచ్చింది. ముందు సీట్లో ముసలాయన, ఆయన ఒళ్ళో పిల్లి. వెనకంతా కుక్కలు, వాటి మధ్యలో ఎల్వుడ్, ముసలావిడ.

తర్వాత అడిగాను, కావాలనే "కౌంటీ" అన్నావా, అలవాటున వచ్చిందా అని. "చెయ్యి మైకు మీద పడింది, నోరు అలా అంది. మళ్ళీ డోనట్లేనా?" అంది.

నీ వెల్డా


యూమా
ఆగస్టు

వెల్డా,

నేను విన్నాను.

మీ దగ్గరి రేడియో మాటలు ఫోన్లో వినే ఏర్పాటు ఒకటుంది. కొండ అవతల ఎవరో ఉత్సాహంగల మనిషి పెట్టాడు. వచ్చినప్పటి నుంచీ పొద్దస్తమానం అదే వింటున్నానని ఐలీన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు వంటింట్లో ఉన్నాను. ఎవరూ పలకని ఆ కాసేపూ ఎలా గడిచిందో చెప్పలేను. ఆవిడ "కౌంటీ" అంది. వరసగా పలకమంది. హోలిస్ "ఒకటి" అన్నాడు. తర్వాత ఖాళీ. నువ్వూ రాశావు, కాసేపు ఖాళీ అని. అది అండర్‌షెరీఫ్ నంబరు, నా నంబరు. ఆ ఖాళీలో నేను కుర్చీలోంచి లేచి నిలబడి "రెండు" అన్నాను. పైకే అన్నాను. ఐలీన్ స్టవ్ కట్టేసి నా వైపు చూసింది.

అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ రోడ్డు మీద, ఆ కార్ల దగ్గరికి ఒక్కణ్ణే నడిచానని అనుకున్నాను. నీకూ అదే రాశాను. ఒక్కణ్ణి ఎప్పుడున్నాను? ప్రతిసారీ చెవిలో ఆవిడ ఉంది. "రెండు, బాగున్నారా?" అనేది. నేను జవాబివ్వడం ఒక్క క్షణం ఆలస్యమైతే, అడగకుండానే ఇంకో బండిని పంపేది. ఆ నడక నాతోపాటు ఆవిడా నడిచింది.

నువ్వు అడిగింది ఫోన్ చేశావా అని. చెయ్యలేదన్నాను, అది నిజమే. చెప్పనిది ఇది: చెయ్యాల్సిన పనిలేదు. మార్చిలో, నేను బయల్దేరేముందు, నా తర్వాత ఎవరని హోలిస్ అడిగాడు. రాయ్స్ అన్నాను. నెడ్రా పేరు తనే ఎత్తితే, రోడ్డు తెలీదన్నాను.

నిన్న హోలిస్‌కి ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. "సరే విన్నాను" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

బోర్డు మీద ఇలా వెయ్యి: నెడ్రా. కంట్రోల్ రూములో పదిహేనేళ్ళు. మేం రోడ్డు మీద ఉన్నంతసేపూ మాతో ఉంది. తర్వాత జైలు. అక్కడ తల్లులకి ఫోన్ చేసింది.

తిట్టాలనుంటే తిట్టు.

ఆరిన్


ఆల్డర్ బెండ్
సెప్టెంబరు

అన్నయ్యా,

తిట్లు ముందు, కబురు తర్వాత. నేను నీకు అన్నేసి ఉత్తరాలు రాసి బతిమాలుతుంటే నిమ్మకాయలు పంపావా? ఆ నిమ్మకాయలు పిండి తాగాను కూడా! సిగ్గులేదూ? అయిపోయాయి తిట్లు. మూడు రోజులు తిడదామనుకున్నాను గానీ, నువ్వు వంటింట్లో లేచి నిలబడ్డావని చదివి షాపులో ఏడిచాను. బటన్లు కొనుక్కోవడానికొచ్చినావిడ ఎవరైనా పోయారా అంది.

ఇక కబురు. హోలిస్ ఇవాళ వచ్చాడు, ఈసారి నిజంగానే నడుముకి. టేపు పెడుతుంటే చెప్పాడు. "మీ అన్నయ్య ఫోన్ చేసేసరికి రాయ్స్ నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతను వచ్చిందీ ఆ పనికే."

రాయ్స్ ఏమన్నాడట తెలుసా? "రోడ్డు మీద నేను బాగానే ఉంటాను సార్. నేను రోడ్డు మీదున్నానని గుర్తుపెట్టుకునేవాళ్ళు మీ పక్కన ఉండాలి" అన్నాడట. ఆ పోస్టు తనకీ కావాలి అన్నయ్యా. వాళ్ళావిడ నాకు జూన్‌లోనే చెప్పింది.

అక్కణ్ణించి లేచి డోనట్ల పెట్టె పట్టుకుని నేరుగా జైలుకి వెళ్ళాడు. "మొన్న 'కౌంటీ' అన్నారు. రూలు రూలే. మీకు తీరిక లేదని నేనే తెచ్చాను" అన్నాడు. ఆ కుర్చీ కెప్టెన్ అన్న డిప్యూటీ కాఫీలు మోశాడట వెనకాల.

నువ్వు చెప్పిన మాటలు బోర్డు మీద వేసి నెడ్రాకి చూపించాను. రెండుసార్లు చదివింది. "ఇది ఎవరు రాశారు?" అంది. "రెండు" అన్నాను. కళ్ళు తుడుచుకుని, "అక్షరాలు కాస్త చిన్నవి చెయ్యి. మరీ పెద్దగా ఉన్నాయి" అంది. చెయ్యను. ఖాళీగా ఉంచుకున్న బోర్డు మీదే వేశాను.

సోమవారం పొద్దున నెడ్రా అండర్‌షెరీఫ్‌గా ప్రమాణం. అవ్వగానే రేడియోలో మొదటి పిలుపు పిలుస్తుంది. వింటావు కదూ?

నీ వెల్డా


యూమా
సెప్టెంబరు

వెల్డా,

విన్నాను.

ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం ఇద్దరం. మైకు నొక్కిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. ఉత్త "కౌంటీ" అనేస్తుందేమోనని నేనూ ఐలీనూ ఊపిరి బిగబట్టాం.

"కౌంటీ, రెండు" అంది.

నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఐలీన్ నా భుజం మీద చెయ్యేసి, "నిన్ను కాదు" అంది. తెలుసన్నాను.

"రెండు, చెప్పండి" అంది కంట్రోల్ రూములో ఎవరో కొత్త అమ్మాయి.

"రోడ్డెక్కుతున్నాను. కాస్త కనిపెట్టుకుని ఉండు."

కూర్చునే విన్నాను.

ఆరిన్